రెండు గంటల నకలు

“ఒరే శంకరం, రత్నాన్ని అంత ముస్తాబు చేసి ఎక్కడికి పంపార్రా?”

కాఫీ గ్లాసు అందించబోతున్న భీమశంకరం చెయ్యి ఆగిపోయింది. మంచం మీద కూర్చున్న సోమిదేవమ్మ మొహంలో బెంగ లేదు. పెళ్ళివారి విడిదింట్లో కూర్చున్న మనిషిలా తేటగా ఉంది.

“కొత్త చీర కట్టారు. మొహం నిండా పసుపు, ఇంతేసి బొట్టు. తలలో పూలు పట్టలేదు. వీధి అరుగు దాకా జనం. అందరూ వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, నన్ను పలకరించిన పాపాన ఒక్కరూ పోలేదు!”

రత్నం ఆవిడ కూతురు, శంకరం భార్య. పోయి రెండేళ్ళు దాటింది. భర్త ఉండగా పోయింది కనక ముత్తైదువలంతా చేరి, పెళ్ళికూతుర్ని చేసినట్టే చేసి సాగనంపారు. ఆ రోజులో ఇప్పుడు ఆవిడ దగ్గర సగమే మిగిలింది. చీర, పూలు, జనం ఉన్నాయి. ఎందుకన్నది లేదు.

“పిఠాపురం వెళ్ళిందత్తా, పిన్ని వాళ్ళింటికి” అన్నాడు శంకరం. ఆ మాట నోట్లోకి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

“నాకో మాట చెప్పి వెళ్తే దాని సొమ్మేం పోయిందిట!” అని విసుక్కుని ఆవిడ గ్లాసు అందుకుంది.

సోమిదేవమ్మ శంకరానికి మేనత్త. అతని ఏడో ఏట తల్లి పోతే తెచ్చుకుని పెంచింది, పెద్దయ్యాక కూతుర్నిచ్చింది. అత్తగారయ్యాక కూడా ఆవిడ ‘ఒరే’ అనడం మానలేదు, అతను ‘అత్తా, నువ్వు’ అనడం మానలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే.

ఆవిడ కుడిచెవి వెనక, చర్మం కింద, పెసరగింజంత పరికరం ఉంది. దాని పేరు నెమరు. మతిమరుపు ముదిరిన పెద్దల కోసం శంకరం చిన్ననాటి స్నేహితుడు చయనులు కనిపెట్టాడు. మనిషి చూసిందీ విన్నదీ పట్టుకుని కాకినాడ బీచి రోడ్డులో అతనే డైరెక్టరుగా ఉన్న కేంద్రానికి పంపుతుంది. అక్కడ అదంతా ఒక డేటాబేస్‌లో చేరుతుంది. ఆ మనిషి దేనికోసమైనా తడుముకున్నప్పుడు ఆ ఘడియని తెచ్చి మళ్ళీ మెదడుకి అందిస్తుంది. అది లేకపోతే కూతురు పోయిన కబురు సోమిదేవమ్మకి ప్రతి పొద్దునా కొత్తగా తెలియాలి. ఉండబట్టి ఒక్కసారే తెలిసింది. ఏడాది పాటు ఏడ్చింది. ఆ తరవాత మెల్లగా, తమలపాకులకి ఈనెలు తీసుకుంటూ, రత్నం చిన్నప్పటి అల్లరి చెప్పి నవ్వే దాకా వచ్చింది. ఏడ్చిన ఏడుపూ, దాన్ని దాటివచ్చిన దారీ మొన్నటిదాకా భద్రంగానే ఉన్నాయి.

*

కేంద్రంలో శంకరం ప్రధాన సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. ముందురోజు ఉదయం చల్లబరిచే పంపు ఆగిపోయి, ప్రధాన నిల్వ యంత్రం మాడిపోయినప్పుడు అందరూ కంగారు పడ్డారు గాని అతను పడలేదు. అతని దగ్గర నకలుంది. ఐదేళ్ళుగా, ఆదివారాలు కూడా మానకుండా, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి మొత్తం ఫైళ్ళన్నీ ఇంకో యంత్రంలోకి నకలు చేయిస్తున్నాడు. రెండు గంటలని ఎంచుకోవడానికి కారణం ఉంది. అది పెద్దవాళ్ళు భోంచేసి కునుకు తీసే వేళ. ఎవరూ దేనికోసమూ తడుముకోరు. పడుకున్నవాళ్ళకి మెలకువ రాకుండా దుప్పటి సర్దినట్టు పని అయిపోతుందని అతని ఆలోచన.

నకలు తెచ్చి కొత్త యంత్రంలో పెట్టారు. ఫైళ్ళ లెక్క సరిపోయింది. సైజులు సరిపోయాయి. పచ్చదీపం వెలిగింది. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. పదకొండువందల నలభైమంది పెద్దల జ్ఞాపకాలు సాయంత్రానికల్లా తిరిగొచ్చాయనే అందరూ అనుకున్నారు.

మర్నాడు అత్త నోట ఆ మాట విని ఆఫీసుకి వెళ్ళేసరికి ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. తునిలో ఒక తాతగారు మనవరాలి పేరు పెట్టి వీధికుక్కని ముద్దుగా పిలుస్తున్నారు. జగ్గంపేటలో ఒకావిడ, నలభై ఏళ్ళు కాపరం చేసిన మొగుణ్ణి పోస్టుమాన్ అనుకుని, ఉత్తరం ఇచ్చేసి వెళ్ళమంటోంది. “నవ్వొస్తోందండీ, ఏడుపూ వస్తోందండీ” అన్నాడు ఆ మొగుడు ఫోన్లో. “పొద్దుట్నించి నాలుగుసార్లు గుమ్మం బయటికి పంపింది.”

శంకరం తలుపేసుకుని ఒక్కొక్కరి జ్ఞాపకాల వరసా తెరిచి చూశాడు. తెరిచిన ప్రతిదీ చిరిగే ఉంది. ఒక ఘడియ మొదలు, ఇంకో ఘడియ చివర. మధ్యలో అతుకు కూడా కనపడనంత నున్నగా కలిసిపోయాయి. అడక్కుండానే ఎవరో వచ్చి మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళారు. ఎవరో చూడలేదు గాని, ఆ గ్లాసు పెట్టిన చేతికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఎనిమిదో రోజుకి చిరగని వరస ఒకటి దొరికింది. నిన్నటిదాకా వచ్చిన జ్ఞాపకాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పేరు చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే చయనులుకి ఫోన్ చేశాడు.

“ఒరే చయనులూ, మహాలక్ష్మమ్మగారివి నిక్షేపంలా ఉన్నాయిరా! మీ అమ్మ ఒక్కర్తే బయటపడింది!”

అవతల ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి, “అదృష్టంరా” అని వినపడింది.

ఆ ఆగడం శంకరానికి నచ్చలేదు. సంతోషం పట్టలేక ఆగిన ఆగడం అలా ఉండదు. ఫోన్ పెట్టేసి ఆ వరస మళ్ళీ తెరిచాడు. అది తన రెండు గంటల నకలులోంచి వచ్చింది కాదు. దానికి విడిగా ఇంకో నకలుంది. దాన్ని తీసే ఆజ్ఞల పైన, రాసినవారి పేరు దగ్గర, ఎస్తేరు రాణి అని ఉంది. తేదీ రెండున్నరేళ్ళ కిందటిది.

*

ఎస్తేరు ఒకప్పుడు కేంద్రంలో డేటాబేస్ చూసుకునేది. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మర్నాడు శంకరం రైలెక్కి వెళ్ళాడు. కాలేజీ వెనక చెట్టుకింద బల్ల మీద కూర్చోబెట్టి, తన టిఫిను డబ్బాలో సగం అతని వైపు జరిపి, ఆమె అంతా విన్నది.

“నకలు ఎన్నింటికి తీస్తున్నారు సార్?”

“రెండింటికమ్మా. వాళ్ళు పడుకునే వేళ.”

ఆమె కళ్ళు మూసుకుంది. “సార్, పొద్దుటి సంగతులన్నీ నెమరు సర్దేది వాళ్ళు పడుకున్నప్పుడేనండి. డేటాబేస్‌కి అన్నిటికన్నా ఎక్కువ పనుండేది ఆ గంటే.”

“పని జరుగుతుంటే నకలు రాదా? ఫైళ్ళన్నీ వచ్చాయే!”

“వస్తాయండి. చూడండి, మీరు ఇల్లు మారుతున్నారు. ఒకాయన్ని పిలిచి గదిగదికీ ఫోటో తీయమన్నారు. ఆయన వంటిల్లు ఫోటో తీసి పడగ్గదిలోకి వెళ్ళేలోపు, పడగ్గదిలో ట్రంకుపెట్టెని మీరు వంటింట్లోకి మోసేశారు. రెండు ఫోటోలూ బాగానే వచ్చాయి. పెట్టె మాత్రం దేంట్లోనూ లేదు.”

శంకరం చేతిలో ఇడ్లీముక్క అలాగే ఉండిపోయింది.

“కదులుతున్న డేటాబేస్‌ని ఫైళ్ళలా నకలు చేయకూడదు సార్. దానికి చెప్పాలి, ఇదిగో ఈ క్షణం దాకా ఒక గీత గియ్యి అని. అప్పుడది ఇస్తుంది. ఆ తరవాత ఆ నకల్ని ఇంకో యంత్రంలో తెరిచి చదివి చూడాలి. ఇదేం పెద్ద విద్య కాదండి. రెండు నెలలు నేర్పితే మీ కింద పనిచేసే ముప్పైఆరు మందికీ వచ్చేస్తుంది. అదే ఉత్తరంలో రాశానుగా.”

“ఏ ఉత్తరం?”

ఆమె అతని మొహంలోకి చూసింది. “మీ పేరు మీదే రాశాను సార్. డైరెక్టరుగారి ద్వారా పంపాలి కదా, ఆయన చేతికే ఇచ్చాను. మీకు చెప్పాననే అన్నారండి. మీరు అప్పుడు మేడంగారితో ఆసుపత్రిలో ఉన్నారు. మిగతావాటికి శంకరంగారు వేరే ఏర్పాటు చేస్తున్నారు, నువ్వు ముందు మా అమ్మది సరిచెయ్యి అన్నారు. చేశాను. నెల తిరక్కుండా, డేటాబేస్‌కి వేరే మనిషి అక్కర్లేదు, సర్టిఫికెట్ ఉన్న అడ్మినిస్ట్రేటర్లు చాలని నన్ను తీసేశారు.”

ఆమె దగ్గర ఆ ఉత్తరం నకలు ఉంది. అక్కడే ఫోన్లో చూపించింది. మూడు పేజీలు. మూడో పేజీ చివర, “ఈ నకళ్ళు అవసరం పడిన రోజున పనికిరావు” అని స్పష్టంగా రాసి ఉంది.

రైల్లో తిరిగొస్తుంటే శంకరానికి ఉత్తరం కన్నా ఆసుపత్రే ఎక్కువ గుర్తొచ్చింది. ఆ నెలంతా చయనులు రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చేవాడు. రత్నానికి చారన్నం కలిపి ఇచ్చేవాడు. “కేంద్రం సంగతి నేను చూసుకుంటాన్రా, నువ్వు కదలకు” అని భుజం తట్టేవాడు. ఆ చొక్కా జేబులో, బహుశా అదే వారంలో, ఈ మూడు పేజీలూ ఉండి ఉంటాయి.

అంతకన్నా వెనక్కి వెళితే ఇంకొకటి ఉంది. కేంద్రం తెరవక ముందు, అడ్మినిస్ట్రేటర్ల ధ్రువపత్రానికి పాఠ్యాంశాలు తయారుచేసిన పరీక్షా మండలిలో ఇద్దరూ సభ్యులే. డేటాబేస్ మీద కూడా ఒక పేపరు ఉండాలని అప్పుడు ప్రతిపాదించినవాడు శంకరమే. చయనులు ఇంటికొచ్చి బతిమాలాడు. “సగం మంది తప్పుతార్రా. కేంద్రం తెరవడానికి మనుషులే దొరకరు. యంత్రం చూసుకోవడం వేరు, డేటాబేస్ వేరు. ప్రతి షిఫ్టులోనూ ఒక డేటాబేస్ మనిషిని కూర్చోబెడతాను, నాది పూచీ.” శంకరం నమ్మాడు. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. తనకి రాని విద్య గనక, ఆ పేపరు రాయక్కర్లేదని లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి ఇప్పుడు కిటికీలోంచి వచ్చే వేడిగాలిలా మొహానికి కొట్టింది.

*

పదకొండో రోజున పరీక్షా మండలి కేంద్రంలోనే సమావేశమైంది. ఐదుగురు సభ్యులు. వాళ్ళలో చయనులు ఒకడు. శంకరం సభ్యత్వం ఎప్పుడో ముగిసిపోయింది గనక సంజాయిషీ చెప్పుకునేవాళ్ళ కుర్చీలో కూర్చున్నాడు.

“మా వాళ్ళందరికీ ధ్రువపత్రాలున్నాయి” అన్నాడు చయనులు, శంకరం వైపు చూడకుండా. “నకలు తీశారు. పాఠ్యాంశాల్లో ఉన్నంత వరకూ ఏ లోపమూ లేదు. యంత్రం మాడిపోవడం ప్రమాదం.”

“అయితే డేటాబేస్ పేపరు పెట్టాలా వద్దా అన్నదే ప్రశ్న” అంది అధ్యక్షురాలు.

“ఇలా పోతే రేపు కరెంటుపని కూడా సిలబస్‌లో పెట్టమంటారు” అన్నాడు ఒక పెద్దాయన. ఇద్దరు నవ్వారు. “ఒక మనిషికి ఎన్ని విద్యలు రావాలండీ? డేటాబేస్ నేర్చిన వాళ్ళు వేరే ఉన్నారు. ఎవరి పని వాళ్ళది.”

“ఉన్నారండి, తీసేశారు” అన్నాడు శంకరం.

 అతను లేచి నిలబడ్డాడు. గొంతు పెంచడం అతనికి చేతకాదు. రెండు గంటల వేళ ఎందుకు ఎంచుకున్నాడో చెప్పాడు. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నకలుని వేరే యంత్రంలో తెరిచి చదివి చూడలేదని చెప్పాడు. చూడాలని తనకి తెలియదని కూడా చెప్పాడు.

“డేటాబేస్ కట్టడం మాకు రానక్కర్లేదండీ. దాన్ని పరుగెత్తించడమూ రానక్కర్లేదు. కానీ నకలు మా చేతిలో పెట్టారు. అది బతికిందో చచ్చిందో తెలుసుకోవడం రానివాడికి నకలు అప్పజెప్పకూడదు. అది రాని నాకు మీరు ధ్రువపత్రం ఇచ్చారు. నా కింద ముప్పైఆరు మందికి నేను ఇప్పించాను. ఇది ముందే తెలిసిన ఒకమ్మాయి నాకు ఉత్తరం రాసింది. అది నాకు చేరలేదు.”

ఉత్తరం బల్ల మీద పెట్టాడు. దాని పక్కన మహాలక్ష్మమ్మగారి నకలు వివరాలు పెట్టాడు. ఒక్కరివే ఎందుకు బాగున్నాయో అతను వివరించలేదు. అధ్యక్షురాలు రెండు కాగితాల మీది తేదీలూ చూసి, కళ్ళజోడు తీసి, చయనులు వైపు తిరిగింది. చయనులు బల్ల చెక్కమీద గీతలు చూస్తున్నాడు.

పేపరు చేర్చాలన్న తీర్మానానికి ముగ్గురు చేతులెత్తారు. కరెంటు మాట అన్న పెద్దాయన వాళ్ళలో మూడోవాడు. చయనులు చెయ్యి బల్ల మీదే ఉంది. ఉత్తరం సంగతి మీద వేరే విచారణ అని అధ్యక్షురాలు రాయించింది.

వసారాలో చయనులు వెనకనించి వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏం బావుకున్నావురా? ఆ పేపరు పెడితే మీ అత్త జ్ఞాపకాలు తిరిగొస్తాయా?”

“రావు.”

“ఆ ఉత్తరం అప్పుడే బయటపెడితే ఏమయ్యేదో తెలుసా? ధ్రువపత్రాలన్నీ రద్దు. ఆరు నెలలు కేంద్రం మూత. వెయ్యిమంది ఆరు నెలలు మర్చిపోతూ కూచునేవారు. అందులో మీ అత్తా ఉండేది. అవతల రత్నం ఆ స్థితిలో ఉంటే నీకెలా చెప్పను? నీ మొహం చూసి దాచాను.”

“నా మొహం చూసి దాచావు. సరే. మీ అమ్మ మొహం చూసి?”

చయనులు కళ్ళు ఎర్రబడ్డాయి. “అమ్మరా” అన్నాడు.  తరవాత, దెబ్బతిన్నవాడి విసురుతో అన్నాడు. “నువ్వేదో సత్యసంధుడివైనట్టు! పదకొండు రోజులుగా మీ అత్తకి ఏం చెబుతున్నావు? పిఠాపురం అనేగా? ఫోన్ చేస్తే ఆవిడే చెప్పింది. నీదైతే జాలి, నాదైతే ద్రోహమా?”

నలభై ఏళ్ళ స్నేహితుడి చెయ్యి ఇంకా మోచేతి మీదే ఉంది. శంకరం దాన్ని విదిలించలేదు. నెమ్మదిగా తీసి, అతని పక్కన పెట్టినట్టు వదిలి, మెట్లు దిగి వచ్చేశాడు.

*

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. సోమిదేవమ్మ కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేయించుకుని కూర్చుంది.

“ఏరా, రత్నం ఎక్కడ?”

“పిఠా...” అని ఆగాడు.

“ఊఁ, అను. మొన్న అన్నావు. అటుమొన్న అన్నావు. పిన్నికి జ్వరమన్నావొకనాడు, పిన్ని మనవడికి అన్నప్రాశన అన్నావొకనాడు. బస్సులు లేవన్నావు. నాకన్నీ గుర్తుంటున్నాయిరా శంకరం. పదకొండు రోజుల్నించీ ఒక్కటీ పోలేదు.”

నిజమే. చిరిగింది పాతదే. కొత్త యంత్రం రోజూ శుభ్రంగా రాసుకుంటోంది. తను చెప్పిన ప్రతి అబద్ధాన్నీ తేదీతో సహా దాచి ఆవిడ చేతికి అందిస్తోంది.

“ముసల్ది, ఏం చెప్పినా నమ్ముతుందనుకున్నావు. నిన్ను ఈ చేతుల్తో పెంచాన్రా. అందరూ మర్చిపోతున్నానని నాతో ఆడుకున్నా, నువ్వు ఆడుకోవనుకున్నాను.”

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. శంకరం ఆవిడ కుర్చీ దగ్గర నేలమీద కూలబడ్డాడు.

“రత్నం లేదత్తా. పోయింది. రెండేళ్ళయింది.”

అతను భయపడినట్టు ఆవిడ అరవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంది.  వీధిలో కూరగాయల బండి కేకేసుకుంటూ పోయింది. ఆ కేక దూరమయ్యేదాకా ఆవిడ అలాగే ఉంది.

“అయితే ఆ పసుపూ, ఆ చీరా...”

“అందుకే.”

ఆవిడ ఏడ్చింది. శంకరం పైపంచె చెంగు అందించాడు, దాంతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ తరవాత అడిగింది.

“నేనున్నానా దగ్గర?”

“ఉన్నావు. దాని జడ చిక్కు తీస్తున్నావు. నీ చేతుల్లోనే పోయింది.”

“నువ్వో?”

రెండేళ్ళుగా ఈ ప్రశ్నకి అందరికీ అతను చెప్పిన జవాబు ఒకటుంది. పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకున్నాను అని. అది కాదని తెలిసిన మనిషి లోకంలో ఈవిడ ఒక్కతే. తెలిసీ, అతని మాట పోకూడదని, రెండేళ్ళూ నలుగురిలో నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ సంగతి ఈవిడ దగ్గరా లేదు. ఏం చెబితే అదే ఇక మీదట నిజంగా నిలిచిపోతుంది.

“నేను లేనత్తా. కింద మందుల దుకాణం ముందు వరసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు, మందు తీసుకునే వెళదామనుకున్నాను. పైకొచ్చేసరికి అయిపోయింది.”

సోమిదేవమ్మ చెంగు తీసి అతన్ని చూసింది. తడిసిన చెయ్యి అతని తలమీద పెట్టింది, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు.

“మొదట్నించీ చెప్పు” అంది. “ఏదీ వదలకుండా చెప్పు. తొందరపడకు.”

శంకరం గొంతు సవరించుకున్నాడు. “మంగళవారం అత్తా. పొద్దున్నే నువ్వే దానికి కాఫీ పట్టావు. రెండు చెంచాలు తాగి, పంచదార ఎక్కువైందంది...”